వాడిపోని సిలువలు

జంగారెడ్డిగూడెం,
శ్రమల దినాలు మొదలైన వారం

చెల్లెమ్మ చిన్నమ్మాయికి,

ఖాళీ పూలబుట్టలు ఇంటికి చేరగానే, మీ ఆయన బుల్లబ్బాయి గారు వాటిని పాకలో పడేసేలోపే నువ్వు వెళ్లి అడుగున వెతుక్కుంటావని తెలుసు. ఈసారి వెతికిన శ్రమ దండగ కాకుండా పెద్ద ఉత్తరమే పెట్టాను. ఫోనులో మా అబ్బాయి రాజ్ కుమార్, మీ ఆయన మాట్లాడుకోవడానికి బోలెడంత ఉంటుంది. ఎన్ని బుట్టలు, ఏ బస్సు, కండక్టరు ఎవరు. మనం మాట్లాడుకునేది మాత్రం నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో నుంచీ ఇలాగే కదా.

మంచి కబురు ఏదైనా ఉంటే ముందు అదే రాద్దామని పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దొరకలేదు. అందుకని ఉన్నదే రాస్తున్నాను. పూలకొట్టు నడవడం లేదు.

మీ బావగారు ఐజాక్ పోయి రెండేళ్లు దాటింది. ఆయన ఉన్న రోజుల్లో మాఘమాసం వస్తే మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. పెళ్లి మండపాలన్నీ పచ్చి పూలతోనే కట్టేవాళ్లం. ఇప్పుడు ఈవెంటు వాళ్లు ప్లాస్టిక్ పూల గోడలు వ్యానులో మడతపెట్టి తెస్తున్నారు. ఒక పెళ్లి అయ్యాక దులిపి ఇంకో పెళ్లికి పట్టుకెళుతున్నారు. మొన్న ఒక పెళ్లికూతురి తల్లి వచ్చి, "మెడలోకి రెండు దండలు చాలండి, మిగతాదంతా వాళ్లే చూసుకుంటారు" అంది. రెండు దండల కోసం ఒక కొట్టు ఎందుకు చెప్పు.

పూజకు పూలు కొనేవాళ్లు కూడా రావడం లేదు. ఏదో కంపెనీ నెలకింతని కట్టించుకుని పొద్దున్నే గేటుకు కవరు తగిలించి పోతోంది. అందులో పూలు, పత్రి, గరిక అన్నీ ఉంటాయట. ఆఫీసర్లకు బొకేలు కట్టేవాళ్లం. ఇప్పుడు ఆ ఆఫీసర్లే "పూలు వద్దు, బడిపిల్లలకు నోటుపుస్తకాలు తెండి" అంటున్నారు. అది తప్పని నేనెలా అనగలను. మనిషి పోయినా దండ కంటే ముందు ఫ్లెక్సీ వస్తోంది.

ఇక మిగిలింది ఈ శ్రమల దినాల నలభై రోజులూ గడిచాక వచ్చే ఈస్టరు. ఆ తెల్లవారుజామున మావాళ్లంతా సమాధుల తోటకు వెళ్లి, తమవాళ్ల సమాధులు కడిగి, పూల సిలువలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. నువ్వూ ఒకసారి వచ్చి చూశావు. వెదురు బద్దలతో సిలువ కట్టి, నిండా నీ చామంతులు గుచ్చి, అంచుకు బంతి పెట్టి అమ్మడం మీ బావగారు మొదలుపెట్టిన పని. ఆ ఒక్క రోజు అమ్మకమే ఏడాదిలో చాలా నెలలు మమ్మల్ని మోసేది.

ఈ ఏడాది ప్లాస్టిక్ పూల సిలువలు తెద్దామంటాడు రాజ్ కుమార్. విజయవాడలో చూసి వచ్చాడు. "అమ్మా, వాడిపోతాయన్న బెంగ ఉండదు. నీళ్లు చల్లక్కర్లేదు. మిగిలితే వచ్చే ఏడాది అమ్ముకోవచ్చు" అంటాడు. వాడి మాటలో తప్పు పడదామని వెతుకుతున్నాను. నాకు కనిపించడం లేదు. నీకు కనిపిస్తే రాయి.

మీ అక్క
ప్రసన్నకుమారి

*

బుర్రిలంక,
శివరాత్రి వెళ్లిన మూడో రోజు

ప్రసన్నక్కా,

మీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద పాలు పొంగబెట్టాను. ఆ పాపం మీ అబ్బాయిదే. చిన్నప్పుడు మా చేలో పడి బంతిపూలు తొక్కి నా చేత తిట్లు తిన్నాడు. పెద్దయ్యాక ఇలా పగ తీర్చుకుంటున్నాడని నేనన్నానని చెప్పండి.

తప్పు కనిపించలేదంటారేంటక్కా. సమాధి మీద ప్లాస్టిక్ పెట్టి మోకరిస్తారా? పోయినవాళ్లు లేచి అడగరనే కదా ఈ ధైర్యం. మా అత్తగారు పోయినప్పుడు మీరూ బావగారూ పూలచక్రం పట్టుకుని వచ్చారు గుర్తుందా. ఆ పూలు ముందురోజు మేం కోసి మీకు పంపినవే. మా పూలే మా గుమ్మంలోకి తిరిగి వచ్చాయి. కానీ బావగారి చేతిలో పడ్డాక అవి మా పూలలా లేవు. ఇంటినిండా పూలు పెట్టుకుని ఏడవడం చేతకాని మా ఆయన, ఆ చక్రం చూసి ఏడ్చారు. ఆ పని ప్లాస్టిక్ చేస్తుందా?

ఇక్కడి సంగతులు కూడా అంత బాగా లేవు. మా చుట్టుపక్కల పూలచేలు ఒక్కొక్కటే నర్సరీలకు వెళ్లిపోతున్నాయి. హైదరాబాదులో కట్టే విల్లాల ముందు పరచడానికి పచ్చగడ్డి కావాలట. చాపలా పెంచి, చాపలా చుట్టి లారీ ఎక్కిస్తున్నారు. మా ఆయన సాయంత్రం గట్టు మీద నిలబడి పక్క చేలో గడ్డి వంక చూస్తూ ఉంటారు. "గడ్డికైతే తెల్లారకముందే లేచి కోసే పని లేదే" అన్నారు మొన్న. "మనుషులు తినే అన్నం చాలదా, గడ్డి మీద పడింది కన్ను" అన్నాను. దానికి అలిగి రెండు పూటలు భోజనం మానేశారు. మూడో పూట పులస కాదు కదా, వట్టి వంకాయ కూరకే దిగొచ్చారు.

నేనున్నంత కాలం ఆ చేలో పూలే ఉంటాయి. మీరు కొట్టు తీసి ఉంచండక్కా. మిగతాది నేను చూసుకుంటాను.

మీ చెల్లెలు
చిన్నమ్మాయి

*

జంగారెడ్డిగూడెం,
ఈస్టరు వెళ్లిన వారం

చిన్నమ్మాయీ,

నువ్వు తిడతావని తెలిసే ఈ ఉత్తరం రెండు రోజులు ఆలస్యం చేశాను.

రాజ్ కుమార్ ప్లాస్టిక్ సిలువలు తెచ్చాడు. కొట్టు ముందు ఒక పక్క అవి, ఒక పక్క నీ పూలవి పెట్టాం. నేను నీ పూల పక్కనే కూర్చున్నాను. జనం వచ్చి ముందు నావే పట్టుకున్నారు. తర్వాత పక్కకు తిరిగి అవి చూశారు. "ఇవి ఎన్నాళ్లుంటాయండి" అని అడిగారు. "ఎన్నాళ్లైనా ఉంటాయండి" అన్నాడు మావాడు. అంతే. శనివారం సాయంత్రానికి వాడి పక్క ఖాళీ అయిపోయింది. నా పక్క సగానికి పైగా అలాగే ఉండిపోయింది.

నాకు బాధ వేసిందని రాస్తే సగమే నిజం అవుతుంది. మీ బావగారు పోయాక మొదటిసారి కొట్టు ముందు జనం తోసుకోవడం చూశాను. రాజ్ కుమార్ మొహం వెలిగిపోయింది. వాడిలో వాళ్ల నాన్న కనిపించాడు. నేను కూడా సంతోషపడ్డాను చిన్నమ్మాయీ. పాపమో పుణ్యమో తెలియదు, సంతోషపడిన మాట నిజం.

మీ బావగారికి మాత్రం నీ చామంతుల సిలువే పెట్టాను.

వచ్చే నెల నుంచి బుట్టలు తగ్గించమని బుల్లబ్బాయి గారికి మావాడు ఫోనులో చెబుతాడు. ఆ మాట నీకు నా చేత్తో ముందు తెలియాలని రాస్తున్నాను.

అక్క

*

బుర్రిలంక,
ఆషాఢం

అక్కా,

నాకు కోపం లేదు. కోపం ఉంటే పెద్ద ఉత్తరమే రాసేదాన్ని.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. కడియపులంక మార్కెట్టుకు తీసుకెళ్లిన బంతిపూలు అడిగేవాడు లేక తిరిగి తెస్తే దారి ఖర్చు మీద పడుతుందని అందరూ రోడ్డు పక్కన కుమ్మరించి వస్తున్నారు. గేదెలు కూడా తినడం లేదు. మీరు ఉత్తరంలో రాసిన ఆ కవర్ల కంపెనీ మనిషి మా ఊరు కూడా వచ్చాడు. చేతిలో ఒక రింగు పట్టుకుని, పువ్వు ఆ రింగులోంచి జారిపోతే పక్కన పారేస్తున్నాడు. సగం జారిపోయాయి. "చిన్న పువ్వు దేవుడు పుచ్చుకోడా నాయనా" అని అడిగాను. "దేవుడు పుచ్చుకుంటాడు, కస్టమరు పుచ్చుకోడండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

మా ఆయన ఇప్పుడు గడ్డి గురించి మాట్లాడటం మానేశారు. మాట్లాడినప్పుడే నయంగా ఉండేది.

చిన్నమ్మాయి

*

జంగారెడ్డిగూడెం,
క్రిస్మసు ముందు

చెల్లెమ్మ చిన్నమ్మాయికి,

చాలా రోజులైంది నీ చేతిరాత చూసి. బుట్టలు తగ్గాక ఉత్తరాలు కూడా తగ్గాయి. ఈ ఒక్క బుట్టలో ఇన్ని నెలల మాటలు కుక్కుతున్నాను.

కొట్టును మధ్యకు చెక్కతో విడగొట్టాం. అటు పక్క రాజ్ కుమార్ ఫోన్ కవర్లు, ఫోను తెరకు అతికించే గ్లాసులు పెట్టుకున్నాడు. వాడి పక్క పగలంతా మనుషులే. పెళ్లిళ్ల సీజను వచ్చి వెళ్లిపోయింది, నన్ను పిలిచినవాళ్లు లేరు. ఈవెంటు వాళ్ల దగ్గరికి నేనే వెళ్లి అడిగాను. స్టేజి మీది ప్లాస్టిక్ మధ్యలో నాలుగు పచ్చి పూలు గుచ్చే పని ఇస్తామన్నారు. వాసన కోసమట. చేశాను. ఫొటోల్లో తేడా తెలియడం లేదని తర్వాత అది కూడా మానేశారు.

కొట్టు యజమాని కొత్త అగ్రిమెంటు రాయించుకోమంటున్నాడు. రాజ్ కుమార్ మొత్తం తన పేరున రాయించుకుంటానన్నాడు. పూలు ఎత్తేద్దామన్నాడు. గట్టిగా ఏమీ అనలేదు పాపం. అన్నం కలుపుకుంటూ నెమ్మదిగా అన్నాడు. నేను కూడా నెమ్మదిగానే అన్నాను, "ఈస్టరు దాకా ఆగరా. ఈసారి ప్లాస్టిక్ ఒక్కటి కూడా పెట్టకు. నావే పెడతాను. అమ్ముడుపోతే కొట్టు నాకుంచు. పోకపోతే నేనే బోర్డు దింపేస్తాను" అని. సరే అన్నాడు.

పోయినసారి కొత్త మోజుకు కొన్నారు. ఎండకు, వానకు ఆ ప్లాస్టిక్ ఏపాటి నిలిచి ఉంటుంది. ఈసారి మళ్లీ పచ్చి పూలకే వస్తారని నా నమ్మకం. నమ్మకమో, మొండితనమో. నాకు వేరే పని చేతకాదు చెల్లెమ్మా. మీ బావగారితో పాటు నేర్చుకున్నది ఇదొక్కటే. ఇది కూడా పోతే పొద్దున్న లేచి ఎటు వెళ్లాలో నాకు తెలియదు.

నీ చేలో ఈస్టరుకు నా వాటా పూలు ఉంటాయి కదా? ఉంటాయని రాస్తే ధైర్యంగా ఉంటుంది.

అక్క

*

బుర్రిలంక,
జనవరి

గౌరవనీయులైన ప్రసన్నక్క గారికి,

మీ ఉత్తరం అందింది. మేము క్షేమం. మీరు, చిరంజీవి రాజ్ కుమార్ క్షేమమని తలుస్తాను.

పూల గురించి మీరేమీ దిగులు పెట్టుకోవద్దు. చేను బాగుంది. చామంతి బాగా పూసింది. బంతి మళ్లీ నారు పోశాం. ఈస్టరుకు మీకు ఎన్ని బుట్టలు కావాలంటే అన్ని పంపిస్తాను. ఇకమీదట ఫోను చెయ్యడం కంటే నాకే ఉత్తరం రాయండి. మా ఆయన ఈ మధ్య పనుల మీద బయట తిరుగుతున్నారు, ఫోనులో చెబితే మరిచిపోతారు.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు
చిన్నమ్మాయి

*

జంగారెడ్డిగూడెం,
మళ్లీ శ్రమల దినాలు

చిన్నమ్మాయీ,

గౌరవనీయులు అని రాశావు. అంత గౌరవం ఇచ్చేంత వయసు నాకు వచ్చేసిందా? చదివి నవ్వుకున్నాను.

వెదురు బద్దలు తెప్పించాను. సాయంత్రం పూట కూర్చుని సిలువలు కడుతున్నాను. నిన్న రాజ్ కుమార్ చెక్క దాటి ఇటు వచ్చి నా పక్కన కూర్చుని కట్టడం మొదలుపెట్టాడు. వాడికి మధ్య కట్టు గట్టిగా పడదు. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకోకుండానే పెద్దవాడయ్యాడు. నేను మళ్లీ విప్పి చూపించాను. నేర్చుకున్నాడు. అమ్ముడవుతాయా అమ్మా అని అడగలేదు. అడగకపోవడం వాడి మంచితనం.

చర్చిలో పాస్టరు గారికి కూడా చెప్పాను. ఈ ఏడాది పచ్చి పూల సిలువలు మా దగ్గర ఉన్నాయని ఆదివారం ఒక మాట ప్రకటించారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్లు పలకరించి, తప్పకుండా వస్తామన్నారు. దీనమ్మ గారైతే, "మీ చేతి సిలువ లేకపోతే మాకు పండగే కాదండి" అంది. దీనమ్మ గారంటే మా వీధి చివర ఉండే రిటైరైన టీచరు, భర్తతో పాటు అత్తమామల సమాధులూ ఆ తోటలోనే ఉన్నాయి.

చాలా రోజుల తర్వాత నాకు ఆకలి వేస్తోంది. ఈస్టరు ముందు శుక్రవారం పొద్దున్న బస్సుకు బుట్టలు ఎక్కించు. ఎన్ని పంపగలిగితే అన్ని.

అక్క

*

జంగారెడ్డిగూడెం,
ఈస్టరు వెళ్లిన బుధవారం

చిన్నమ్మాయీ,

నీ పూలు శుక్రవారం మధ్యాహ్నానికే అందాయి. నువ్వు చెప్పిన మాట నిలబెట్టుకున్నావు. ఏం జరిగినా అందులో నీ తప్పు లేదని ముందే రాస్తున్నాను.

శుక్రవారం ఆరాధన నుంచి వచ్చి, నేనూ రాజ్ కుమారూ గుచ్చుతూ కూర్చున్నాం. శనివారం పొద్దున్నకు కొట్టు ముందు సిలువలు వరుసగా నిలబెట్టాం. చెక్క అవతల ఫోన్ కవర్ల మీద కూడా గుడ్డ కప్పేశాడు వాడు, ఆ రోజు పూలకొట్టే కనిపించాలని. నీళ్లు చల్లి, తడి గోనె కప్పి, చూస్తూ కూర్చున్నాం.

రాలేదు. అసలు రాలేదు. పదిమందిలో ముగ్గురు వస్తే తక్కువ వచ్చారనుకోవచ్చు. ఇక్కడ కొట్టు ముందు నుంచే కొవ్వొత్తులు కొనుక్కుని వెళుతున్నారు, మా వైపు చూసి నవ్వుతూ వెళుతున్నారు. సాయంత్రం మీసేవలో పనిచేసే ఒకాయన ఆగి ఒకటి కొన్నాడు. వాళ్ల నాన్న ఈ ఏడే పోయాడట. అప్పుడు కూడా నాకు వెలగలేదు చెల్లెమ్మా. బేరమాడే జనం ఇంకా రాలేదులే, తెల్లవారుజామున తోట దగ్గర కొంటారులే అనుకున్నాను.

ఆదివారం చీకటి ఉండగానే సిలువలన్నీ ఆటోలో వేసుకుని సమాధుల తోట గేటు దగ్గర పెట్టుకున్నాం. అక్కడ చూశాను. ఒక్కొక్కళ్లు వస్తున్నారు. సమాధి మీద పోయినేటి ప్లాస్టిక్ సిలువ తీస్తున్నారు. దాన్ని కుళాయి కింద కడుగుతున్నారు. గుడ్డ పెట్టి తుడిచి మళ్లీ అక్కడే పెడుతున్నారు. కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేసుకుని వెళ్లిపోతున్నారు. తోటంతా అవే. మా కొట్లో అమ్మినవే. ఏడాది ఎండ, వాన, గాలి తిన్నా ఒక్క రేకు రాలలేదు.

దీనమ్మ గారు నన్ను చూసి దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుంది. "మీ సరుకు ఎంత మంచిదండీ ప్రసన్నకుమారి గారూ. ఏడాదైనా రంగు పోలేదు చూడండి. సబ్బు పెట్టి తుడిస్తే కొత్తదానిలా వచ్చింది. మీ దగ్గర కొంటే నమ్మకమండి" అంది. మనస్ఫూర్తిగా అంది. నేను థాంక్సండి అన్నాను.

తోటకు వచ్చినవాళ్లు కూడా తక్కువే. కొందరైతే ఈ ఏడాది రానే లేదట. పూలు ఎలాగూ ఉన్నాయి కదా అని, పక్కింటివాళ్లను ఫొటో తీసి పంపమన్నారట. ముందు పూలు కొనడం మానతారనుకున్నాను. రావడమే మానతారని అనుకోలేదు.

రాజ్ కుమార్ వాళ్ల నాన్న సమాధి దగ్గర నిలబడి, "అమ్మా, నేనింత దూరం ఆలోచించలేదు" అన్నాడు. వాడిని ఏమని అంటాను. ఒకసారి కొంటే మళ్లీ కొనక్కర్లేని వస్తువు అమ్మి, మళ్లీ రమ్మని పిలిచాం. వాడొక్కడే అమ్మలేదు, నేను కూడా పక్కనే కూర్చుని సంతోషపడ్డాను.

మిగిలిన సిలువలు తిరిగి ఆటో ఎక్కించడానికి చేతులు రాలేదు. తోట చివర ఎవరూ లేని సమాధులు ఉన్నాయి. పేరు రాసిన పలక కూడా లేదు వాటికి. అక్కడంతా పెట్టేశాం. నిన్న ఊరికే చూసొద్దామని వెళ్లాను. ఆ చివరంతా ఖాళీగా ఉంది. కాపలా ఉండే గంగయ్య చీపురు పట్టుకుని ఎదురొచ్చి, "వాడినవన్నీ ఎత్తి పారబోశానమ్మా, తోట శుభ్రంగా ఉంది" అన్నాడు. ప్లాస్టిక్ వాటిని ముట్టుకోలేదు. వాటిని ఎత్తాల్సిన పని ఎప్పటికీ లేదు.

బోర్డు ఈ వారంలో దింపుతాం. ఈ బుట్టలు నీ దగ్గరే ఉంచుకో.

అక్క

*

బుర్రిలంక,
వైశాఖం

ప్రసన్నక్కా,

మీ ఉత్తరం చదివాక వారం రోజులు నాకు ముద్ద దిగలేదు. అందులో నీ తప్పు లేదని రాశారు. ఆ మాటే నన్ను కూర్చోనివ్వడం లేదు. ఇది చెప్పేయకపోతే నేను బతకలేను.

అక్కా, మాకు చేను లేదు. చేనైతే ఉంది, అందులో పూలు లేవు. డిసెంబరులోనే మా ఆయన నర్సరీ వాళ్లకు కౌలుకు ఇచ్చేశారు. ఈస్టరుకు నా వాటా పూలు ఉంటాయి కదా అని మీరు రాసిన ఉత్తరం బుట్టలో వచ్చిన రోజునే ట్రాక్టరు దిగింది. గట్టు మీద నిలబడి చదువుకున్నాను. కళ్లముందే మొగ్గ మీదున్న చామంతి మట్టిలో కలిసిపోతోంది. ఆపండి అని అరిచాను. మా ఆయన ట్రాక్టరు వైపు తిరిగి నిలబడ్డారు, నా వైపు తిరగలేదు. ఆయన్ని కూడా ఏమీ అనలేనక్కా. ఆషాఢంలో రోడ్డు పక్కన పూలు పారబోసింది ఆయన చేతులే.

కొట్టు ఉంటుందో పోతుందో ఈస్టరు మీద పెట్టుకున్నారు మీరు. చేను లేదని రాస్తే ఆ రోజే బోర్డు దింపేస్తారని భయపడ్డాను. అందుకే బాగుందని రాశాను. అబద్ధం రాయడం చేతకాక గౌరవనీయులు అని కూడా రాశాను. జనవరి నుంచి మీకు పంపిన ప్రతి బుట్టా కడియపులంక మార్కెట్టులో కొని పంపిందే. ఈస్టరు పూలు కూడా అంతే. ఎవరి చేలో పూసినవో, ఎప్పుడు కోసినవో కూడా నాకు తెలియదు.

ఇప్పుడు నాకొక పిచ్చి ఆలోచన పట్టుకుంది. ఆ పూలు మా చేలోవి అయి ఉంటే, తెల్లారకముందు నా చేత్తో కోసినవి అయి ఉంటే, జనం ఆగేవారేమో. మీరు నన్ను నమ్మి కూర్చున్నారు. నేను మీకు ఎవరివో పూలు పంపాను.

చేలో ఇప్పుడు గడ్డి బాగా వచ్చింది. చూడటానికి బాగానే ఉంటుంది. దాని మీద నడవనివ్వరు.

చిన్నమ్మాయి

*

జంగారెడ్డిగూడెం,
జూన్ మొదటి వారం

నా చెల్లెలు చిన్నమ్మాయికి,

ఇది పోస్టులో వేస్తున్నాను. ఎప్పుడు చేరుతుందో తెలియదు.

ఆ పిచ్చి ఆలోచన ముందు మానుకో. నీ చేతి పూలైనా ఎవరూ కొనేవారు కాదు. కొనాల్సిన అవసరం వాళ్లకు లేకుండా పోయింది. పూలను చూడనివాళ్లకు అవి ఎవరివైతే ఏం.

ఇంకొకటి. నాకు తెలుసు చిన్నమ్మాయీ. జనవరిలో వచ్చిన మొదటి బుట్ట విప్పగానే తెలిసింది. నువ్వు నాకోసం కోసే చామంతికి వేలెడు కాడ ఉంచుతావు, సిలువకు గుచ్చుకోవాలని. దండల కోసం కోసి మార్కెట్టుకు తెచ్చేవాటికి కాడ ఉండదు. నువ్వు పంపినవాటికి కాడ లేదు. ఒక్కో పువ్వుకూ సన్న తీగ గుచ్చి కట్టుకున్నాను. "పిన్ని గారు ఈసారి ఇలా కోశారేంటమ్మా" అని రాజ్ కుమార్ అడిగితే, "కూలీలకు తెలియదురా" అన్నాను.

నిన్ను అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే నువ్వు చెప్పేస్తావు. చెప్పేస్తే బుట్టలు ఆగిపోతాయి. నాకు ఆ బుట్టలు కావాలి. నీ చేను పోయిందని తెలిసి కూడా, నా కొట్టు కోసం నీకు దుఃఖం లేనట్టు ఉత్తరాలు రాశాను. నువ్వు నన్ను కాపాడుదామని దాచావు. నేను నా కోసం దాచాను. మనిద్దరిలో ఎవరు ఎవరిని క్షమించాలో నువ్వే చెప్పు.

కొట్టు రాజ్ కుమార్ పేరున మారిపోయింది. చెక్క తీసేశారు. నన్ను ఇంట్లో కూర్చోమంటే కూర్చోలేక రోజూ వెళ్లి మూల స్టూలు మీద కూర్చుంటున్నాను. ఫోన్లకు గ్లాసులు అతికించడం నేర్పుతానంటాడు వాడు. నా వేళ్లకు అది అబ్బడం లేదు. బుడగలు వస్తున్నాయి.

నిన్న మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. కామవరపుకోట వైపు నుంచి వచ్చాడట. చెప్పుల నిండా దుమ్ము. భార్య పొద్దున్న పోయిందట. "ఇక్కడ పూలకొట్టు ఉండాలి కదండి. పూల సిలువ కావాలండి. పచ్చి పూలది" అన్నాడు. పూలు అమ్మడం మానేశామండి అన్నాను. "మరి ఎక్కడ దొరుకుతాయమ్మా" అని అడిగాడు.

ఈ ఊళ్లో ఆ మాటకు జవాబు ఎవరికైనా తెలియాలంటే నాకే తెలియాలి. నాకు తెలియలేదు. బజారు చివర ఉన్న ఇంకో పూలకొట్టు కూడా మూసేశారు, గుడి దగ్గర అమ్మేవాళ్లకు విడిపూలు తప్ప ఉండవు, రాజమండ్రి వెళ్లి వచ్చేసరికి భూస్థాపన అయిపోతుంది. ఆయన మొహం వంక చూస్తూ నిలబడ్డాను.

రాజ్ కుమార్ అటక మీద వెతికి, మొదట విజయవాడ నుంచి మచ్చుకు తెచ్చిన ప్లాస్టిక్ సిలువ ఒకటి దించాడు. దుమ్ము తుడిచి, డబ్బు వద్దని చెప్పి, ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకుని, తల వంచి వాసన చూశాడు.

మీ అక్క
ప్రసన్నకుమారి